గాలి గాలే కదమ్మా?

జాలరిపేట నుంచి మా ఇంటికి చేపల గంప తెచ్చే ఆవిడ మొన్న బేరం మధ్యలో ఉన్నట్టుండి అడిగింది. “అమ్మా, మా గుంటడు మునిగిపోయిన బోటు ఇంజను పైకి తీత్తాడట. పంక్చర్ షాపులో పాత కారింజనుతో గాలి కొడతారట, ఈడు ట్యూబు నోట్లో ఎట్టుకుని దిగుతాడట. గాలి గాలే కదమ్మా?”

నేను చదివింది బి.ఏ. చరిత్ర. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పుస్తకాలు తిరగేశాను.

కారు ఇంజను గాలి కొట్టడం కొత్త వింతేం కాదు. పిస్టన్ దిగితే గాలి లోపలికొస్తుంది, లేస్తే నలుగుతుంది. మన సైకిలు పంపు చేసే పనే! అమెరికాలో స్మిత్ కంపెనీ 1927–31 నాటి ఫోర్డ్ మోడల్ ఏ ఇంజన్ని తీసుకుని, నాలుగు సిలిండర్లలో రెండింటికి పెట్రోలూ నిప్పూ మాన్పించి, పైన వేరే మూతా వాల్వులూ బిగించింది. రెండు ఇంజన్ని తిప్పితే రెండు గాలి కొట్టేవి. (ఒక్క ఒంటితో రెండు చాకిరీలు చెయ్యడం మన ఆడవాళ్ళకి తెలియనిదా!) ఆ గాలితో రోడ్లు పగలగొట్టారు, రాళ్ళు తొలిచారు. అది పీల్చడానికి చేసిన గాలి కాదు.

పీల్చే గాలికీ సాయపడింది కారే, విచిత్రంగా. యుద్ధకాలంలో పెట్రోలు కరువై ఫ్రాన్సులో కార్లు గ్యాసుతో నడిచేవి. ఇంజను అడిగినంతే గ్యాసు వదిలే చిన్న రెగ్యులేటరుని ఎమిల్ గాన్యాన్, కూస్తోతో కలిసి 1943 నాటికి మనిషి ఊపిరికి మలిచాడు. కానీ ఆ గాలి ఇంజను కడుపులోది కాదు, శుభ్రంగా నింపిన సిలిండరులోది.

జాలరిపేటవాళ్ళకి సముద్రం కొత్తా? 1971 డిసెంబరులో ఘాజీ జలాంతర్గామి మన రేవు ముందు మునిగితే, తేలివచ్చిన వస్తువుల్ని నేవీకి తెచ్చి ఇచ్చింది జాలర్లే. కానీ నీటి అడుగున ఊపిరి తీయడం వేరే విద్య.

ఇంజను నిండా నూనె. పక్కనే పొగ, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లు గట్టిగా నెత్తుటిని పట్టుకుంటుంది. 10 మీటర్ల లోతున ఒత్తిడి రెండింతలు, ఆ విషం బలమూ రెండింతలే.

ఇదంతా చెబితే ఆవిడ గంప దించేసి, “నువ్వే వచ్చి ఆడికి చెప్పమ్మా” అంది. సాయంత్రం వెళ్ళాను. కుర్రాడు తలొంచుకుని విన్నాడు, అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ట్యూబు చుట్ట మాత్రం దూలానికి అలాగే వేలాడుతోంది.