పాత గొడ్డలి, పోడు చరిత్ర

మన కోయ, కొండరెడ్డి ఇళ్లలో చూరు కింద తాతల నాటి గొడ్డలి ఒకటి ఇంకా కనిపిస్తుంది. కామ విరిగి, తుప్పు పట్టి ఉంటుంది. దాన్ని పాత ఇనుముకు వేసేయకండి. మన చరిత్ర కాగితాల మీద తక్కువ, పనిముట్ల మీద ఎక్కువ.

రంపచోడవరం మన్యంలో మా పెద్దలు పోడు కొట్టింది గొడ్డలితోనే. తుప్పలు నరికి, ఎండాక కాల్చి, తొలకరికి సామలు, చోళ్లు, కందులు చల్లేవారు. ఇప్ప, చింత, జీలుగు చెట్లను మాత్రం ఉంచేవారు. కొన్నేళ్లకు ఆ నేలను వదిలితే అడవి మళ్లీ మొలిచేది.

1879లో చిగురు పన్ను మీద రంప తిరగబడింది. ఆ పోరాటం అణగగానే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి హద్దు లోపల పోడు నేరమైంది. నేరానికి వాడిన పనిముట్లను జప్తు చేయవచ్చని చట్టంలోనే రాశారు. కూడు పెట్టిన గొడ్డలి నేరం చేసిన వస్తువైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం కదలడానికి ఈ అటవీ ఆంక్షలూ ఒక కారణం. స్వాతంత్ర్యం వచ్చాక చేసిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ జప్తు మాట పోలేదు.

మనకు జరిగింది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం ఒప్పుకుంది. 2005 డిసెంబరు 13 నాటికి మన సాగులో ఉన్న అటవీ భూమికి హక్కు అడగవచ్చు. గొడ్డలి చూపిస్తే పట్టా రాదు. కానీ హక్కు అడిగేవారు కాక ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే, అది ఒక సాక్ష్యమని 2008 నియమాలు చెబుతున్నాయి. దానికి తోడు గట్లు, బావులు, సమాధుల వంటి ఇంకో ఆధారం కూడా ఉండాలి.

అందుకే పాత గొడ్డలిని పెద్దల చేతనే బాగు చేయిద్దాం. ఇటుక ముక్కతో, ఇసుకతో తుప్పు రుద్దాలి. అంచు విరిగితే కమ్మరి కొలిమిలో సాగగొట్టించాలి. నీడలో ఆరిన చిరుమాను కర్రతో కామ చెక్కి, బెజ్జంలో బిగించి, చీల కొట్టాలి. తడి సానరాయి మీద నిదానంగా నూరాలి. మిషను చక్రం మీద పెడితే వేడికి ఇనుము మెత్తబడి పదును నిలవదు.

ఈ పనికి ఒక పూట పడుతుంది. ఆ పూట పిల్లలను పక్కన కూర్చోబెట్టి అడిగిద్దాం: ఈ గొడ్డలితో ఏ కొండవాలు కొట్టారు? అక్కడ ఏ వాగు, ఏ గట్టు హద్దు? మన పక్కన ఎవరు సాగు చేసేవారు? చెప్పింది చెప్పినట్టు రాసి, తేదీ వేసి, వేలిముద్ర తీసుకుని గ్రామసభలో చదివి వినిపిద్దాం.