బడి ఎవరి మాట విన్నది?

దసరా వచ్చిందంటే పాతకాలపు తెలుగు పల్లెల్లో బడి మొత్తం వీధిలోకి వచ్చేది. పిల్లలు రంగు కాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. వెనకే పంతులుగారు. గుమ్మం ముందు ఆగగానే ఆ ఇంటి పిల్లవాడు ముందుకొచ్చి ఏడాదంతా వల్లె వేసిన పద్యమో ఎక్కమో అప్పజెప్పాలి. తడబడకుండా చెబితే తల్లి మొహం విప్పారేది. పంతులుగారికి రూపాయో, పంచెల చాపో ముట్టేది, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. వాడు నీళ్లు నమిలితే ఇంటాయన చూపు కొడుకు మీద నుంచి పంతులుగారి మీదికి మళ్లేది.

ఈ ఆచారాన్ని మనం పండగ వేడుకగానే గుర్తుంచుకున్నాం. నిజానికి అందులో ఏడాది చదువు లెక్క అప్పజెప్పడం కూడా ఉంది. పంతులు ఏం నేర్పాడో ఊరు చెవులారా వినేది. విన్నాక ఇవ్వాల్సింది ఇచ్చేది. తల్లిదండ్రుల మాటను బట్టి బడి నడుచుకోవాలని ఇప్పుడు ప్రభుత్వాలు సర్క్యులర్లు ఇస్తున్నాయి గానీ, ఒకప్పుడు పంతులుగారి ఇంట పొయ్యి వెలిగేది ఆ మాట మీదే.

ఆ బడులు ఎలా ఉండేవో తెలుసుకోవడానికి మనకు మంచి ఆధారం ఉంది. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రతి జిల్లా కలెక్టరునూ బడుల లెక్క తీసి పంపమన్నాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన జవాబు వాటన్నిటిలోకీ చదవదగ్గది. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. ఆయన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. మిగిలినవి మరాఠీ, పారశీ, తమిళ, సంస్కృత బడులు, ఒకే ఒక్క ఇంగ్లిష్ బడి.

అంకెలను మించి మనసుకు పట్టేది ఆయన వర్ణించిన బడి ఉదయం. పొద్దున్నే 6 గంటలకు బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. అది వాడికి గౌరవం. రెండో వాడి చేతిలో సున్నా చుట్టేవారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడో వాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగో వాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ప్రతివాడికీ ఒక్కొక్కటి ఎక్కువ. ఆలస్యంగా లేచిన పిల్లవాడి అరచెయ్యి చూస్తే ఇంట్లో సంగతి తెలిసిపోయేది. బద్ధకస్తులకు కోదండం తప్పేది కాదు. దూలానికి రెండు చేతులూ కట్టి వేలాడదీసే ఈ శిక్ష గురించి కూడా క్యాంప్‌బెల్ రాశాడు. అయినా తల్లిదండ్రులు ఆ శిక్షను చదువులో భాగమనే అనుకున్నారు. వాళ్లు అడిగినవి దస్తూరి, ఎక్కాలు, పద్యాలు, లెక్కలు. బడి అవే నేర్పింది. అర్థం తెలియకుండానే పిల్లలు పద్యాలు వల్లిస్తున్నారని క్యాంప్‌బెల్ విమర్శించాడు. అదీ నిజమే. వినేవాళ్లు దేన్ని మెచ్చుకుంటే బడి దాన్నే బాగా నేర్పుతుంది.

ఆయన రాసిన మరో మాట ఇంకా బరువైనది. ఇదివరకు బడులున్న చాలా ఊళ్లలో ఇప్పుడు లేవని, దేశం క్రమంగా బీదపడడమే దీనికి కారణమని, మధ్యతరగతివాళ్లు, అంతకన్నా దిగువవాళ్లు పిల్లల చదువు ఖర్చు భరించలేకపోతున్నారని ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉంటూనే ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు.

జిల్లాల లెక్కలన్నీ చేరాక 1826 మార్చిలో మన్రో తన నిర్ణయం రాశాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. పంతుళ్లకు నెలకు 6, 7 రూపాయలకు మించి రావడం లేదని, ఆ రాబడికి సమర్థులెవరూ రారని ఆయన గుర్తించాడు. బతకలేక బడిపంతులు అని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. తాలూకాకొక ప్రభుత్వ బడి పెట్టి, అక్కడి ఉపాధ్యాయుడికి నెలకు 9 రూపాయలు ఇవ్వాలని మన్రో ప్రతిపాదించాడు. కనీసం అంతే మొత్తం పిల్లల నుంచి కూడా అతనికి అందుతుందని ఆయన అంచనా. అంటే సగం జీతం సర్కారుది, సగం ఊరిది. ఈ ఏర్పాటు నిలదొక్కుకుని ఉంటే పంతులు ఇద్దరికీ జవాబు చెప్పుకుంటూ ఉండేవాడు. మరుసటి ఏడాదే మన్రో కర్నూలు సీమలోని పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. ఆయన పెట్టిన తాలూకా బడులు కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

1860ల్లో మద్రాసు ప్రభుత్వం మరో దారి పట్టింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షిస్తాడు, ఎంతమంది గట్టెక్కితే అంత గ్రాంటు. వీధి అరుగుల మీది బడులను కూడా ఈ పద్ధతిలోకి తెచ్చారు. అక్కడే పెద్ద మలుపు. పంతులు ఎదురుచూసే అతిథి మారిపోయాడు. దసరానాడు గుమ్మంలో నిలబడి వినే తండ్రి స్థానంలోకి పరీక్షకు వచ్చే అధికారి వచ్చాడు. బడిలో ఏది ముఖ్యమో ఇకమీదట ఊరు తేల్చదు, రిజిస్టరులోని గళ్లు తేలుస్తాయి. బడుల సంఖ్య పెరగడానికీ, పాఠాలు ఒక క్రమంలో పడడానికీ ఈ మార్పు పనికొచ్చిందని ఒప్పుకోవాలి. కానీ తల్లిదండ్రుల మాటకు ఆ రిజిస్టరులో గడి లేదు.

ఇక్కడ పాత వీధి బడిని నెత్తిన పెట్టుకోకుండా ఒక నిజం చెప్పాలి. ఆ బడి విన్నది అందరి తల్లిదండ్రుల మాటా కాదు. క్యాంప్‌బెల్ లెక్కలోని 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. మాల, మాదిగ పిల్లలకు ఆ అరుగు ఎక్కే హక్కే లేదు. వాళ్ల తల్లిదండ్రుల అభిప్రాయాన్ని ఎవరూ అడగలేదు, వాళ్లే బడులు కట్టుకుని చెప్పారు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1910 ప్రాంతం నుంచి దళిత బస్తీల్లో తెలుగు బడులు తెరిచాడు. బయటి బడి రానివ్వకపోతే మన బడి మనమే నడుపుకుందామన్న తల్లిదండ్రుల పట్టుదల వాటికి పునాది. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లందరికీ ఇంకో బాధ ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభల్లో మాతృభాషలో చదువు కావాలన్న కోరిక మళ్లీ మళ్లీ వినిపించింది. ఒక్కో తండ్రి విడివిడిగా చెప్పుకోలేని మొర అక్కడ తీర్మానమైంది.

స్వాతంత్ర్యం తర్వాత బడి ఊరూరా వచ్చింది. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల చేతికి వెళ్లాయి. బడి ఊరికి దగ్గరైంది గానీ, దగ్గరైంది ఊరి పెద్దలకే. ఉపాధ్యాయుడి బదిలీ సమితి నాయకుల చేతిలో ఉన్నప్పుడు, కూలికి వెళ్లే తల్లి మాటకన్నా వాళ్ల మాటే ముందు చెవిన పడుతుంది.

1990ల్లో తల్లిదండ్రులు ఒక్క మాటా మాట్లాడకుండానే తమ అభిప్రాయం చెప్పారు. టీసీలు తీసుకుని ప్రైవేటు బడుల వైపు నడిచారు. నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు సగం మంది పిల్లలు ప్రైవేటు బడుల్లోనే ఉన్నారు. ఫీజు కట్టే తండ్రి నేరుగా వెళ్లి అడగగలడు, పాత వీధి బడి తండ్రిలాగే. కట్టలేనివాడికి అడిగే చోటే లేకుండా పోయింది.

అదే దశాబ్దంలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని ఈ చరిత్రలో చాలా విలువైనది. పేద తల్లిదండ్రులకు చదువు అక్కర్లేదు, పిల్లల కూలి డబ్బులే కావాలి అని అప్పటిదాకా చదువుకున్నవాళ్లు గట్టిగా నమ్మేవారు. 1991 నుంచి వెట్టిలోనూ పొలాల్లోనూ ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, ఆపైన బడిలో చేర్పించే క్రమంలో కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను అడిగారు. వచ్చిన జవాబు వేరుగా ఉంది. పంపాలనే ఉంది, బడే రానివ్వడం లేదు అన్నారు వాళ్లు. వయసు మించిన పిల్లవాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెట్టాలో తెలియదు. ఏడాది మధ్యలో చేర్చుకోరు. కాగితాలు తెమ్మంటారు. కాగితం చదవడం రాని తల్లికి ఆఫీసు గుమ్మమే కొండ. ఆ మాటలు విన్నాకే అడ్డంకి ఇంట్లో కన్నా బడిలో ఎక్కువగా ఉందని తేలింది. ఊళ్లలో తల్లిదండ్రుల కమిటీలు ఏర్పడ్డాయి. 1997లో ప్రభుత్వ ఉపాధ్యాయులే బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. బడి తల్లిదండ్రులను విని తన పద్ధతి మార్చుకున్నదనడానికి తెలుగునాట ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ కనిపించదు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చింది.

ఈ గాలి చట్టంలోకి కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1998లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేసింది. తల్లిదండ్రులు ఎన్నుకునే విద్యా కమిటీలు దానితోనే వచ్చాయి. దేశమంతటికీ వర్తించే విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి, బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయాలి అన్నది ఆ చట్టం.

కాగితం మీది కమిటీ ఊళ్లో ఎలా ఉంటుందో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో కొందరు ఆర్థికవేత్తలు పరిశీలించారు. అక్కడి చాలామంది తల్లిదండ్రులకు ఇలాంటి కమిటీ ఒకటి ఉందనే తెలియదు. సభ్యులుగా పేర్లున్నవాళ్లలోనే కొందరికి తాము సభ్యులమని తెలియదు. ఊరూరా సభలు పెట్టి వివరించినా కమిటీల్లో పెద్దగా చలనం రాలేదు. ఊరి యువకులకు చదవడం నేర్పే పద్ధతి చూపించి పిల్లలకు తరగతులు పెట్టించినప్పుడు మాత్రం పిల్లల చదువు మెరుగుపడింది. మన దగ్గరా కథ చాలాచోట్ల ఇదే. తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలూ వేలిముద్రలూ పెట్టించుకోవడంతో సమావేశం అయిపోయినట్టు లెక్క. ఆ తల్లికి తన వేలిముద్ర కింద ఏం రాశారో ఎవరూ చదివి వినిపించరు. ఇది చిన్న లోపమని సరిపెట్టుకోవడం అన్యాయం.

డబ్బు చేతికిచ్చినప్పుడు మాత్రం కమిటీకి ప్రాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల బాగు కోసం 2019 నవంబర్‌లో ఒంగోలులో మొదలైన ‘నాడు-నేడు’లో తొలి విడతగా 15 వేలకు పైగా బడుల పనులను కాంట్రాక్టర్లకు బదులు తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు. నీళ్లు వచ్చే మరుగుదొడ్లు, తాగునీరు, బల్లలు, ఫ్యాన్లు, ప్రహరీ గోడ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. మరుగుదొడ్డి లేక ఎదిగిన ఆడపిల్లను బడి మాన్పించిన ఇళ్లెన్నో మనకు తెలుసు. ఆ తల్లులు ఏళ్ల తరబడి చెప్పుకున్న బాధ చివరికి ఖర్చు లెక్కలో ఒక పద్దు అయింది. తెలంగాణలో 2022 మార్చిలో వనపర్తిలో మొదలైన ‘మన ఊరు - మన బడి’ కూడా తొలి విడతలో 9,123 బడులను తీసుకుని, కమిటీల ద్వారానే పనులు నడిపింది.

అడిగే తీరు కూడా జవాబును మార్చేస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలన్న ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం ఇంటింటికీ ఐచ్ఛిక పత్రాలు పంపింది. 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లిష్ మీడియమే కోరారని ప్రకటించింది. ఆ కోరిక నిజమైనదే. కొలువులు ఏ భాషలో దొరుకుతున్నాయో కూలి తల్లికి కూడా తెలుసు. అయితే గడిలో టిక్కు పెట్టడంతో ఆమె మాట పూర్తి కాలేదు. పిల్లవాడికి పాఠం అర్థమవుతోందా, ఇంట్లో సాయం చేసేవాళ్లు లేకపోతే ఎలా అన్నవి ఆ పత్రంలో పట్టే ప్రశ్నలు కావు. అవి కూర్చుని మాట్లాడుకోవాల్సినవి.

అలా కూర్చోబెట్టే ప్రయత్నం పెద్ద ఎత్తున జరిగింది 2024 డిసెంబర్ 7న. ఆంధ్రప్రదేశ్‌లో 44 వేలకు పైగా ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. ముఖ్యమంత్రి బాపట్ల మున్సిపల్ హైస్కూలుకు వెళ్లారు. వాకిట ముగ్గులు వేశారు, తల్లులకు ఆటల పోటీలు పెట్టారు, పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం చేశారు. మార్కులతో పాటు ఆరోగ్యం, ఆసక్తి వంటి వివరాలున్న ప్రగతి పత్రాలు తల్లిదండ్రుల చేతికిచ్చారు. 2025 జూలై 10న జరిగిన రెండో విడతలో ప్రైవేటు బడులను కూడా కలిపారు. పిల్లలు తినే అన్నం అదే బల్ల దగ్గర తిని చూసిన తల్లికి, అన్నం ముద్దగా ఉందని చెప్పడానికి వేరే అర్జీ అక్కర్లేదు. ఆ పూట దసరా గుమ్మం మళ్లీ తెరుచుకున్నట్టే. ఈసారి బడే గుమ్మం అయింది, వీధి అరుగు ఎక్కనివ్వని ఇళ్ల తల్లులు కూడా లోపల కూర్చున్నారు.

తెలంగాణ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటు చేసింది. మహిళా గ్రామైక్య సంఘం అధ్యక్షురాలే వాటికి పెద్ద, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. బడులు తెరిచేలోగా మరమ్మతులు, నీళ్లు, కరెంటు చూడడం వాళ్లకు అప్పగించిన మొదటి పని. పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి లెక్కలు చూసిన ఆడవాళ్లు కాబట్టి పద్దు రాయడం, బిల్లు అడగడం వాళ్లకు కొత్తేమీ కాదు. ఇదే కమిటీ ముందుకు గోడలూ పైపులతో పాటు చదువు సంగతి కూడా రావాలి. మూడో తరగతి పిల్లలు ఎంతమంది పాఠం గడగడా చదవగలుగుతున్నారు, చదవలేనివాళ్లకు ఈ నెలలో ఏం చేశారు అన్నది ప్రధానోపాధ్యాయుడు చదివి వినిపించాలి. పోయిన సమావేశంలో అడిగినవాటిలో ఏవి అయ్యాయి, ఏవి కాలేదు, ఎందుకు కాలేదు అన్నది కూడా. ఆ సమావేశాన్ని కూలి పోయే పగటిపూట కాకుండా, పొలం నుంచి తిరిగొచ్చే వేళకు పెట్టాలి.