‘లులు’: ఆలస్యంగా దక్కిన ఆదరణ

అమెరికన్ రాక్ గాయకుడు లూ రీడ్ చివరి స్టూడియో ఆల్బమ్ ‘లులు’. మెటాలికా బృందంతో కలిసి ఆయన రూపొందించిన ఈ ఆల్బమ్ 2011లో విడుదలైంది. జర్మన్ నాటకకర్త ఫ్రాంక్ వెడెకిండ్ నాటకాలు దీనికి ఆధారం. హోరెత్తే గిటార్ల నడుమ రీడ్ పాటను వచనంలా పలకడం పలువురు విమర్శకులకూ, మెటాలికా అభిమానులకూ రుచించలేదు. 2013లో, 71 ఏళ్ల వయసులో రీడ్ కన్నుమూశారు.

ఇది రీడ్ అత్యుత్తమ కృతి అని, ‘బెర్లిన్’ వలెనే అర్థం కావడానికి కాలం పడుతుందని డేవిడ్ బౌవీ అన్నట్లు రీడ్ భార్య లారీ ఆండర్సన్ 2015లో వెల్లడించారు. ఆల్బమ్‌ను ముగించే 19 నిమిషాల ‘జూనియర్ డాడ్’ను పలువురు అభిమానులు నేడు ఆయన వీడ్కోలుగా వింటున్నారు. 1973లో నిరాదరణకు గురైన ‘బెర్లిన్’కు తర్వాత దక్కిన గౌరవాన్ని రీడ్ కళ్లారా చూశారు. ‘లులు’ విషయంలో ఆ అవకాశం ఆయనకు దక్కలేదు.