రెసిడెంటు సంతకం: కర్క్‌పాట్రిక్ జీవితంలో రుజువుకు నిలిచేదెంత?

విశాఖ పక్కన దువ్వాడ ఉన్న నేల ఒకప్పుడు చికాకోలు సర్కారులోది. 1765లో మొఘల్ చక్రవర్తి ఇచ్చిన ఫర్మానాతో, మరుసటి ఏడు నవంబరు 12న నిజాం అలీఖాన్‌తో కుదిరిన ఒప్పందంతో, చికాకోలుతో కూడిన ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పాలయ్యాయి. ఊరికే రాలేదు, నిజాముకు ఏటా పేష్కష్, అంటే కప్పం, కట్టాలన్నది షరతు. ఆ పేష్కష్ సంగతీ గుంటూరు సర్కారు సంగతీ తేల్చుకోవడానికే 1779లో మద్రాసు ప్రభుత్వం జాన్ హాలండ్‌ను హైదరాబాదుకు పంపింది. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటు కొలువు అలా మొదలైంది. మన కోస్తా శిస్తు తగవులోంచి పుట్టిన ఆ పదవిలో 1798 నుంచి 1805 వరకు ఉన్నవాడు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్.

ఈ పేరు వినగానే చాలామందికి హైదరాబాదీ యువతి ఖైరున్నిసాతో అతని ప్రేమకథ గుర్తొస్తుంది. 2002లో వచ్చిన విలియం డాల్రింపుల్ పుస్తకం తర్వాత ఆ కథ మరింత ప్రచారం పొందింది. కాదనడానికి లేదు. కానీ తెలుగువాళ్లకు అతనితో ఉన్న అసలు సంబంధం ఆ కథలో లేదు, అతను కుదిర్చిన రెండు ఒప్పందాల్లో ఉంది.

1764లో మద్రాసులో పుట్టిన కర్క్‌పాట్రిక్ కంపెనీ సైన్యంలో చేరాడు. అన్న విలియం హైదరాబాదులో రెసిడెంటుగా ఉండగా అతనికి సహాయకుడిగా వచ్చాడు. అన్న అనారోగ్యంతో తప్పుకోగా ఆ బాధ్యత ఇతని మీద పడింది. 1798 సెప్టెంబరు 1న నిజాంతో మొదటి ఒప్పందం ఖరారైంది. ఆరు పటాలాల కంపెనీ సిపాయిలను నిజాం తన ఖర్చుతో పోషించాలి, ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి, ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దళాన్ని రద్దు చేయాలి. ఆ అక్టోబరు 22న ఫ్రెంచి దళం తుపాకి పేలకుండానే ఆయుధాలు కింద పెట్టింది. దీన్ని కర్క్‌పాట్రిక్ చాకచక్యంగా చెప్పడం మామూలే. అయితే జీతాల బకాయిల కోసం ఆ సిపాయిలే అప్పటికి తిరగబడి, తమ ఫ్రెంచి అధికారులను నిర్బంధించారన్నదీ గమనించాలి. ఘనతలో సగం ఆ బకాయిలదే అంటాను.

రెండోది 1800 అక్టోబరు 12 నాటిది. బరువైనది ఇదే. సైన్యం ఖర్చుకు ఏటా నగదు ఇచ్చే బదులు, 1792లోనూ 1799లోనూ మైసూరు యుద్ధాల ఫలితంగా తన వాటాకు వచ్చిన భూములను నిజాం కంపెనీకి వదిలేశాడు. బళ్లారి, కడప, అనంతపురం, కర్నూలు సీమలు దత్తమండలాలయ్యాయి. కంపెనీకి తెలియజేయకుండా ఇతర రాజ్యాలతో మంతనాలు సాగించనని కూడా నిజాం మాటిచ్చాడు. అదే ఏడు థామస్ మన్రో కలెక్టరుగా సీమలో దిగాడు. పాలెగాళ్ల అణచివేత, భూముల కొలత, రైతువారీ శిస్తు, అన్నీ ఆ సంతకం వెంట నడిచినవే. రాయలసీమ చరిత్ర రాసేవారు మన్రో దగ్గర ఆగిపోకుండా ఒక అడుగు వెనక్కి, హైదరాబాదు దర్బారు దాకా వెళ్లాలి.

ఇక ఆధారాల మాట. ఖైరున్నిసాతో అతని వివాహం గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, అన్నకు జేమ్స్ రాసిన ఉత్తరాలు. రెండోది, 1801లో మద్రాసు గవర్నరు లార్డ్ క్లైవ్ జరిపించిన విచారణ. ఉత్తరాల్లో తమ్ముడు తనను సమర్థించుకుంటున్నాడు. విచారణలో సాక్షులు పైఅధికారుల ముందు ప్రమాణం చేసి చెబుతున్నారు. ఎవరి మాటనూ ఉన్నదున్నట్టు తీసుకోలేం. ఇద్దరు పిల్లలు పుట్టారనీ, 1805లో వారిని ఇంగ్లండుకు పంపారనీ, ఓడెక్కే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ వారి బొమ్మ గీశాడనీ మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. ఆ కుటుంబపు స్త్రీల గొంతు మనకు బాగా వినిపించేది చాలా ఆలస్యంగా, 1840ల్లో ఇంగ్లండులోని కూతురు కిట్టీకీ హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నిసాకీ నడిచిన ఉత్తరాల్లో. ఆ ముసలి తల్లి మాటకు విచారణ కాగితాలకంటే ఎక్కువ విలువ ఇస్తాను.

హైదరాబాదులో రెసిడెంటు నివాసమైన కోఠీ రెసిడెన్సీ స్థలం గురించి జాన్ మాల్కం చెప్పిన కథ ఒకటుంది. పెద్ద కాగితం మీద గీసిన నక్షా చూసి నిజాం ఒప్పుకోలేదట. అదే నక్షాను చిన్న ముక్క మీద గీసి తెస్తే సరేనన్నాడట. కథ బాగుంది, కానీ చెప్పినవాడు కంపెనీ మనిషి. నిజామును అమాయకుడిగా చూపడం కంపెనీ వాళ్లకు అలవాటే కనుక దీన్ని ముచ్చటగానే ఉంచాలి. భవనమే ఇంతకంటే గట్టి సాక్షి. నిజాం సొమ్ముతో, మద్రాసు ఇంజినీరు శామ్యూల్ రస్సెల్ నమూనాతో కట్టిన ఆ కట్టడానికి ముందు వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా సింహాలు, ఎత్తైన స్తంభాలు. వాటిపైన త్రికోణంలో చెక్కినది కంపెనీ రాజచిహ్నం. ఖర్చు ఎవరిదో, ముద్ర ఎవరిదో ఆ ముఖద్వారమే చెబుతుంది.

అన్నకు రాసిన ఉత్తరాల్లో గవర్నర్ జనరల్ వెలస్లీ దూకుడు మీద కర్క్‌పాట్రిక్ అసంతృప్తి కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని అతన్ని హైదరాబాదు పక్షపాతిగా నిలబెట్టేవాళ్లున్నారు. నేను అంత దూరం వెళ్లలేను. మనసులో ఏమున్నా దొర ఆజ్ఞ ప్రకారం పని జరిగింది, సీమ చేతులు మారింది. 1805 అక్టోబరు 15న, నలభై ఒక్క ఏళ్ల వయసులో, అతను కలకత్తాలో చనిపోయాడు. మొదట చెప్పిన ఉత్తర సర్కారుల పేష్కష్‌ను మాత్రం కంపెనీ 1823లో 1,16,66,666 రూపాయలు ఒక్కసారే చెల్లించి వదిలించుకుంది.

1800 నాటి ఒప్పందం పాఠం ఐచిసన్ ఒప్పందాల సంపుటాల్లో ఉంది. చరిత్ర చదువుకునే సీమ విద్యార్థులు, అధ్యాపకులు ప్రేమకథకంటే ముందు దాన్ని చదవాలని నా విన్నపం.