పాత జీపుకు లాగుడు బలం: తక్కువ ఖర్చు మార్గాలు

పాత జీపుకు అసలు పరీక్ష కొండ ఎక్కేటప్పుడు కాదు, నిండు బరువుతో దిగేటప్పుడు. బ్రేకులు వేడెక్కితే పట్టు సడలుతుంది. గేరు నిష్పత్తి పెరిగినకొద్దీ చక్రాలకు బలం పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, దిగుడులో ఇంజనే బండిని నిలువరిస్తుంది.

క్రౌన్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే ఇరుసు నిష్పత్తి తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో అది 39కి 8, అనగా 4.88. మహీంద్రా మనదేశంలో తయారుచేసిన సీజే-3బీలో 43కి 8, అనగా 5.38. ఈ తేడా వల్ల లాగుడు బలం సుమారు 10 శాతం పెరుగుతుంది.

ఖర్చు పెట్టే ముందు ఈ క్రమాన్ని పాటించడం మేలు:

1. ఉన్న లో గేరును బాగుచేయించండి. సీజే-3బీలో అది బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేస్తుంది. దిగుడులో లివరు జారిపోతే ఇంజన్ పట్టు పూర్తిగా పోతుంది. లో గేరును మట్టిదారిలోనే వాడాలి, పొడి తారురోడ్డుపై వద్దు.

2. 7.00-16 టైర్ల స్థానంలో 6.00-16 వేస్తే సుమారు 7 శాతం లాభం. అయితే బండి ఎత్తు, టైరు మోయగల బరువు తగ్గుతాయి.

3. చివరిగా క్రౌన్-పినియన్. పాతవి కొన్నా జతగానే కొనాలి. ముందు, వెనుక ఇరుసుల నిష్పత్తి ఒకటే కావాలి. లేకుంటే ఫోర్ వీల్ వేసినప్పుడు పళ్లు విరిగే ప్రమాదముంది.

ఏ మార్పు చేసినా బ్రేకుల మరమ్మతును మాత్రం వాయిదా వేయరాదు.