ఏండ్ల తరబడి నిలుచు ఆటల కంప్యూటరు



మా ఇబ్రహీంపట్నము పెద్దచెరువు, 1550 మొదలు 1580 వరకు గోలకొండను పాలించిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమునాటిది. తూము చెడినచో తూమును, అలుగు తెగినచో అలుగును, కాలువ పూడినచో కాలువను బాగుచేసికొనుటయే గాని, ఇందుకై చెరువునంతయు విడిచి వేఱొక చెరువు త్రవ్వుకొనువారు లేరు. ఒక్కొక్క భాగము దాని వేళకు మారుచుండగా మొత్తము నిలిచియుండుట మంచి కట్టడమునకు గుర్తు.

నేడు మన యిండ్లలోని కుఱ్ఱవాండ్రు ఆటల కంప్యూటరు కావలెనని కోరుచున్నారు. దాని వెల వేలకు వేలు. ఒక్కొక్కప్పుడు లక్ష దాటును. పంట రాబడి తీసి అందు పెట్టవలసిన తండ్రి, "మూడేండ్లకే ఇది పాతబడిపోవునా?" యని అడుగుట న్యాయమే. ఆ ప్రశ్నకు సమాధానము ఆ యంత్రము చరిత్రలోనే యున్నది.

1960 ప్రాంతమున ఒక కంప్యూటరునకై వ్రాసిన ప్రోగ్రాము అదే సంస్థవారి వేఱొక కంప్యూటరున తఱచుగ పనిచేయకుండెడిది. పెద్ద యంత్రము కొనినవాడు ప్రోగ్రాములన్నియు మఱల వ్రాయించుకొనవలసి వచ్చెడిది. 1964 ఏప్రిల్ నెలలో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్ 360 అను యంత్రకుటుంబమును ప్రకటించి ఆ చిక్కును విడదీసెను. అందు చిన్నది కొనినవాడు పిదప పెద్దది తెచ్చుకొన్నను పాత ప్రోగ్రాములు చెల్లుచుండెను.

మన హైదరాబాదున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ స్థాపింపబడినది. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు దానికి సారథ్యము వహించిరి. భారతదేశమున రూపొందిన తొలి కంప్యూటర్లలో నొకటియైన టి.డి.సి.-12 ఆ సంస్థదే. అది 1969 నాటిది. ఐనను అట్టి యంత్రములు పరిశోధనాలయములకే గాని గృహస్థునకు అందునవి కావు.

గృహస్థునకు అందునట్టి యంత్రమును 1981 ఆగస్టు 12వ తేదీన ఐ.బి.ఎం. ప్రకటించెను. ఆ పర్సనల్ కంప్యూటరులో క్రొత్త కార్డులు గ్రుచ్చుటకు అయిదు స్లాట్లుండెను. దాని లోపలి విద్యుత్ పటములను సైతము ఆ సంస్థ పుస్తకరూపమున అందుబాటులో నుంచెను. కావున ఇతరులును దానికి అమరు భాగములను చేయసాగిరి. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతను వెలువరించెను. మదర్‌బోర్డు పొడవు వెడల్పులెంత, మరలు ఎచ్చట బిగింపవలెను, కరెంటు తీగ ఎట్లు తగులుకొనవలెను అను సంగతులు అందు నిర్ణీతములైనవి. నేడు ఒక విద్యార్థి సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో పలు సంస్థల భాగములను విడివిడిగ కొని, ఇంటిలో స్క్రూడ్రైవరుతో కూర్చుకొనగలుగుట ఇట్టి ఒప్పందముల ఫలమే.

ఐతే అన్ని ఒప్పందములకును ఒకే ఆయుష్షు లేదు. 2017లో ఇంటెల్ వారి క్రొత్త ప్రాసెసర్లు చూపునకు పాత సాకెట్టులో ఒదుగునట్లే యున్నను, వానికి క్రొత్త బోర్డు కొనవలసి వచ్చెను. అదే సంవత్సరమున ఏ.ఎం.డి. సంస్థ రైజెన్ ప్రాసెసర్లను ఏ.ఎం.4 అను సాకెట్టుపై విడుదల చేసెను. 2022లో ఆటలకు పేరుపొందిన 5800ఎక్స్3డి ప్రాసెసరు అదే సాకెట్టునకు వచ్చినది. అయిదేండ్లనాటి బోర్డులు పెక్కు, బయోస్ మార్చుకొన్నంతనే దానిని స్వీకరించినవి. పెట్టె, బోర్డు, మెమరీ కదలలేదు. ప్రాసెసరు ఒక్కటి మారినది.

ఈ చరిత్రవలన నాకు తోచిన సత్య మొక్కటి: కంప్యూటరు ఆయుష్షు దానిలోని బలమైన భాగముమీద గాక, భాగములు కలిసికొను అతుకులమీద ఆధారపడియున్నది. కావున కొనునపుడు ముందు అతుకులను విచారింపుడు. ఏ.ఎం.5 సాకెట్టు 2022లో వచ్చినది. 2027 వరకును, ఆపైనను దానికి ప్రాసెసర్లు వచ్చునని ఆ సంస్థ 2024లో తెలిపినది. మెమరీకి నాలుగు స్లాట్లున్న బోర్డు తీసికొని, రెండు నింపి రెండు ఖాళీగ విడిచినచో పిదప పెంచుకొనుటకు చోటుండును. మెమరీలో డి.డి.ఆర్.4 వేఱు, డి.డి.ఆర్.5 వేఱు, ఒకదాని చోట నింకొకటి పట్టదు. గ్రాఫిక్స్ కార్డు తొందరగ పాతబడును గాని, పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అతుకు 2003 నుండి పాత క్రొత్తలను కలుపుకొనుచునే యున్నది.

పవర్ సప్లై విషయమున మాత్రము పిసినారితనము తగదు. నాసిరకపు పవర్ సప్లై చెడునపుడు తక్కిన భాగములను గూడ చెఱుపవచ్చును. అవసరమునకు కొంత మించిన శక్తిగల మేలైన దానిని, గాలి ఆడు విశాలమైన పెట్టెను ఒకసారి కొనినచో, అవి రెండు మూడు ప్రాసెసర్ల కాలము సేవచేయును. వేసవి వేడిమియు, దుమ్మును గల మన ప్రాంతమున ఫ్యాన్లను, జాలీలను అప్పుడప్పుడు శుభ్రపఱచుకొనుట అవసరము.

పిల్లవాడు మిక్కిలి వేగముగలది కావలెనని పట్టుపట్టినపుడు, "దీనిలో రేపు ఏది మార్చవచ్చును? ఏది మార్చరాదు?" అని అడుగుడు. ఆ రెండు ప్రశ్నలకు తడుముకొనక బదులు చెప్పగలిగినవాడే మీ సొమ్మును వ్యర్థము కానీయడు.