పనిచోట పర్యావరణహిత ప్రవర్తన

ఇంట్లో గది దాటుతుంటే చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోతుంది. అదే మనిషి ఆఫీసులో ఖాళీ మీటింగ్ హాల్లో ఏసీ నడుస్తున్నా చూసీచూడనట్టు వెళ్లిపోతాడు. బిల్లు తనది కాదు, ఆపడం తన డ్యూటీ కాదు, ఆపినా అడిగేవాళ్లు లేరు. ఇలాంటి చోట మనిషి చేత స్విచ్చు ఆపించేది ఏమిటన్నది మనస్తత్వవేత్తలు, ఆర్థికవేత్తలు కలిసి తవ్వుతున్న అంశం. కరెంటు, కాగితం పొదుపు అందులో ఒక మూల మాత్రమే. హాని జరగకుండా చూడటం, పని పద్ధతినే మార్చడం, తోటివారికి నేర్పడం, చొరవ తీసుకోవడం కూడా ఇందులోకే వస్తాయని డెనిజ్ ఓన్స్, స్టెఫానీ డిల్షెర్ట్ అనే పరిశోధకులు వర్గీకరించారు.

ఈ రంగంలో ఎక్కువ అధ్యయనాలు ప్రశ్నపత్రాల మీద నడుస్తాయి. ‘మీరు లైట్లు ఆపుతారా?’ అని ఉద్యోగినే అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అందుకే 2014లో వర్జిన్ అట్లాంటిక్ విమానాల్లో జరిగిన ప్రయోగానికి అంత విలువ. అక్కడ మాట్లాడింది మనుషులు కాదు, విమానం నమోదు చేసిన ఇంధనం లెక్కలు.

గ్రీర్ గాస్నెల్, జాన్ లిస్ట్, రాబర్ట్ మెట్‌కాఫ్ అనే ఆర్థికవేత్తలు ఆ సంస్థలోని 335 మంది కెప్టెన్లను నాలుగు గుంపులు చేశారు. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా, ఎనిమిది నెలల పాటు మూడు పనులను గమనించారు. బయలుదేరే ముందు చివరి బరువు లెక్క చూసి ఇంధనం సరిచేసుకోవడం మొదటిది. గాల్లో ఉన్నప్పుడు ఎత్తు, వేగం, దారి విషయంలో పొదుపు పాటించడం రెండోది. దిగాక గేటు దాకా వచ్చేటప్పుడు ఒక ఇంజన్ ఆపేయడం మూడోది. ఒక గుంపుకు పోయిన నెల ఎలా చేశారో ఉత్తరం ఇంటికే వెళ్లేది. ఇంకో గుంపుకు దాంతోపాటు ఎవరి లక్ష్యం వారికి పెట్టారు. మూడో గుంపు లక్ష్యం చేరితే కెప్టెన్ కోరుకున్న సేవా సంస్థకు పది పౌండ్ల విరాళం పోయేది. నాలుగో గుంపుకు ఏ ఉత్తరమూ లేదు.

ఫలితం తమాషాగా వచ్చింది. తమను గమనిస్తున్నారని తెలియగానే ఉత్తరాలు అందని గుంపు కూడా పొదుపు మొదలుపెట్టింది! లక్ష్యం ఉన్నవాళ్లు ఇంకా ముందుకెళ్లారు. లక్ష్యానికి విరాళం జోడించినందువల్ల పెద్దగా అదనపు పొదుపు కనిపించలేదు గానీ, ఆ గుంపు కెప్టెన్లు ఉద్యోగంలో ఎక్కువ తృప్తి ఉన్నట్టు చెప్పారు. జీతం పెంచలేదు, శిక్ష వేయలేదు, ఆఖరి నిర్ణయం కెప్టెన్ చేతుల్లోంచి లాక్కోలేదు. ఆ మూడోదే అసలు కిటుకు అనిపిస్తుంది.

మన ఆర్టీసీ డిపోల్లో ఇదేమీ కొత్త సంగతి కాదు. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్కను అక్కడ కేఎంపీఎల్ అంటారు. డ్రైవర్ల వారీగా దాన్ని చూస్తారు, బాగా తెచ్చినవారిని సన్మానిస్తారు, వెనకబడినవారిని శిక్షణకు పంపుతారు. అయితే పాత బండి, గుంతల రోడ్డు, ఫుట్‌బోర్డు దాకా నిండిన జనం డ్రైవరు చేతిలో ఉన్నవి కావు. వాటిని వదిలేసి అంకె ఒక్కటే చూస్తే డ్రైవరుకు ఆ కొలత మీద నమ్మకం పోతుంది.

మనిషిని మార్చకుండా యంత్రాన్ని మార్చే దారి కూడా ఉంది. స్వీడన్‌లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో కాగితం ఆదా చేయమని సిబ్బందిని వేడుకుంటే ఏమీ మారలేదు. ప్రింటర్లు వాటంతటవే రెండు వైపులా అచ్చేసేలా సెట్టింగ్ మార్చగానే కాగితం వాడకం 15 శాతం తగ్గింది. గోడ మీద అంటించే నినాదాలకు పెట్టే ఖర్చు గురించి ఆలోచించాల్సిన సంగతే ఇది.

కానీ ఈ మంత్రానికీ హద్దుంది. పారిస్‌లోని ఓఈసీడీ కార్యాలయంలో చలికాలపు హీటర్ల సెట్టింగ్‌ను ఒక డిగ్రీ తగ్గిస్తే ఉద్యోగులు సర్దుకుపోయారు. రెండు డిగ్రీలు తగ్గిస్తే చాలామంది లేచి వెళ్లి మళ్లీ పెంచుకున్నారు, ఆదా కూడా మొదటిదాని కంటే తక్కువైంది. మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన 2020 జనవరి 1న అమల్లోకి వచ్చింది. రిమోట్ మాత్రం మన చేతిలోనే ఉంది.

పైవాళ్లు ఏం చేస్తున్నారన్నది కింది ఉద్యోగి గమనిస్తూనే ఉంటాడు. 2005 వేసవిలో జపాన్ ప్రభుత్వం ‘కూల్ బిజ్’ పేరుతో ఆఫీసు ఏసీలను 28 డిగ్రీల దగ్గర ఉంచమంది. కోటు, టై లేకుండా ఆఫీసుకు రావడం అమర్యాదగా భావించే సమాజం అది. ప్రధాని కొయిజుమి స్వయంగా టై లేకుండా కనిపించాకే గుమాస్తాకూ ధైర్యం వచ్చింది. యూరప్ కంపెనీల మీద కేథరిన్ రేమస్, ఉల్రిక్ స్టెగర్ 2000లో ప్రచురించిన అధ్యయనం కూడా అటే చూపింది. పై అధికారి అండ ఉందనిపించినప్పుడే ఉద్యోగులు కొత్త పర్యావరణ ఆలోచనలు బయటపెడుతున్నారు.

అలాంటి ఆలోచనలను పోగుచేసిన పథకాల్లో పాతది, పేరున్నది త్రీఎం కంపెనీది. కాలుష్యాన్ని పుట్టిన తర్వాత శుభ్రం చేయడం కాదు, అసలు పుట్టకుండా చూస్తే కంపెనీకే లాభమంటూ 1975లో ఇంజనీరు జోసెఫ్ లింగ్ చొరవతో మొదలైంది. పాల్గొనడం ఉద్యోగి ఇష్టం. ద్రావకం మార్చడం, యంత్రాన్ని సరిదిద్దడం, వ్యర్థాన్ని మళ్లీ వాడటం వంటి వేల ప్రాజెక్టులు సిబ్బంది నుంచే వచ్చాయి. కానీ ఏ సరుకు తయారు చేయాలన్న నిర్ణయం వాళ్ల సలహాల పెట్టెలోకి రాలేదు. ప్రకృతిలో తేలిగ్గా విచ్ఛిన్నం కాని పీఫాస్ రసాయనాలను అదే కంపెనీ దశాబ్దాల పాటు తయారు చేసింది. 2025 చివరికల్లా వాటిని మానేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది. మరుసటి ఏడాది అమెరికాలో తాగునీటి సంస్థలకు వెయ్యి కోట్ల డాలర్లకు పైగా చెల్లించే ఒప్పందానికి వచ్చింది.